పాండాస్‌లో దశాంశాల తేడాలు, ఖాళీ గడులు: రొయ్యల గుంట రికార్డుతో మొదటినుంచి చివరిదాకా

పైథాన్‌లో పట్టికల లెక్కలకు వాడే పాండాస్ లైబ్రరీ గురించి నెలకు రెండు మూడుసార్లయినా ఇదే ప్రశ్న వస్తుంది. "షీట్‌లో 8.3 కళ్లముందే కనిపిస్తోంది, పాండాస్‌లో 8.3 ఉన్న వరసలు వెతికితే ఒక్కటీ రావడం లేదు, ఏందన్నా ఇది?" దాని వెనకే రెండోది: "ఖాళీలన్నీ యావరేజ్‌తో నింపేశాను, పర్లేదా?" మొదటిదానికి జవాబు చిన్నదే. రెండోదానికి ఒకసారి "పర్లేదులే" అనేసి నేనే ఇరుక్కున్నా కాబట్టి ఈసారి తీరిగ్గా మొత్తం రాస్తున్నా.

ఉదాహరణకు మా బావ రొయ్యల గుంటల రికార్డు తీసుకుంటున్నా. అల్లూరు దగ్గర ఆరు గుంటలు. రాత్రి 10, ఒంటిగంట, తెల్లవారుజాము 4, పొద్దున 7 గంటలకు డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్), పొద్దున సాయంత్రం పీహెచ్, వారానికోసారి సెలినిటీ (ఉప్పదనం), రోజువారీ మేత కిలోలు. అన్నీ మొదట నోటుబుక్కులో, తర్వాత ఎక్సెల్‌లో, అక్కణ్ణుంచి సీఎస్‌వీగా నా దగ్గరికి వస్తాయి. మీది పొగాకు బేళ్ల లెక్కయినా, వడ్ల పుట్ల లెక్కయినా కాలమ్ పేర్లు మార్చుకుంటే చాలు, దెబ్బతినే చోట్లు అవే.

ఫంక్షన్ల పేర్లు పలికేలాగే రాశాను, టైప్ చేసేటప్పుడు మీకు అలవాటైన ఇంగ్లీషు స్పెల్లింగ్‌తోనే కొట్టుకోండి.

1. కోడ్ తెరిచే ముందు

ఒరిజినల్ ఫైల్‌ని ముట్టుకోవద్దు. కాపీ తీసి దాని మీదే పని చేయండి. ఎక్సెల్‌లో తెరిచి "ఊరికే చూసి" సేవ్ కొట్టినా తేదీలు, పొడవాటి నంబర్లు మారిపోతాయి.

తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని ప్రతి కాలమ్‌కీ ఈ నాలుగూ రాయండి:

- కొలిచిన పరికరం ఎన్ని దశాంశాలు చూపిస్తుంది? మా పీహెచ్ పెన్ 0.1 దాకా, డీవో మీటర్ 0.1 దాకా, సెలినిటీ చూసే రిఫ్రాక్టోమీటర్ 1 దాకా.
- యూనిట్ ఏది?
- ఏ విలువ నుంచి ఏ విలువ మధ్య ఉంటే నమ్మొచ్చు? పీహెచ్ 14 దాటితే అది టైపింగ్ తప్పే.
- గడి ఖాళీగా ఉంటే అర్థం ఏమిటి?

నాలుగోదానికి జవాబు కంప్యూటర్ దగ్గర ఉండదు. గుంట మీద ఉన్న కుర్రాడికి ఫోన్ చేయాల్సిందే. ఈ కాగితం రాయడానికి అరగంట పడుతుంది, చాలామంది ఎగ్గొట్టేది కూడా దీన్నే.

2. ఫైల్ చదివేటప్పుడే పట్టుకోవాల్సినవి

మా బావ ఉత్తరం వైపు గుంటలకు ఎన్ఏ, ఎన్‌బీ, ఎన్‌సీ అనీ, దక్షిణం వైపు వాటికి ఎస్ఏ, ఎస్‌బీ, ఎస్‌సీ అనీ పేర్లు పెట్టుకున్నాడు. ఫైల్ చదివి గ్రూప్‌బై చేసి గుంటవారీగా మేత లెక్క తీస్తే ఐదే గుంటలు వచ్చాయి. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, ఒక గుంట మొత్తం గాలిలో కలిసిపోయింది.

జరిగింది ఇది. రీడ్ సీఎస్‌వీకి "ఎన్ఏ" అన్న రెండు ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే దాన్ని ఖాళీ కింద లెక్కేస్తుంది. గ్రూప్‌బై ఏమో ఖాళీ పేరున్న వరసల్ని అలవాటుగా వదిలేస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి రెండు అలవాట్లు కలిశాయి, గుంట పోయింది.

సరిచేసే పద్ధతి: కీప్ డిఫాల్ట్ ఎన్ఏ అనే ఆప్షన్‌ని ఫాల్స్ చేసి, మీ ఫైల్‌లో ఖాళీకి నిజంగా వాడిన గుర్తుల్ని మాత్రం ఎన్ఏ వాల్యూస్‌లో కాలమ్‌వారీగా ఇవ్వండి. గ్రూప్‌బైలో డ్రాప్‌నా ఫాల్స్ పెట్టండి, ఖాళీ పేర్లు ఏవైనా మిగిలితే ఒక వరసగా కనిపిస్తాయి.

ఇంకో మూడు చూసుకోండి.

గీత గుర్తు, "లేదు", "కరెంట్ లేదు" లాంటివి పాండాస్‌కి తెలియవు. అలాంటిది ఒక్కటున్నా కాలమ్ మొత్తం అక్షరాల కాలమ్ అయిపోతుంది. అప్పుడందరూ టు న్యూమరిక్‌లో కోయర్స్ పెట్టేస్తారు, మారనిదల్లా ఖాళీ అయిపోతుంది. పెట్టొచ్చు, కానీ అలా ఖాళీ అయ్యే గడుల్లో ముందు ఏముందో ఒకసారి ప్రింట్ చేసి చూడండి. మా ఫైల్‌లో "4.2 పీపీఎం" అని యూనిట్‌తో కలిపి రాసిన మంచి రీడింగులు చాలానే దొరికాయి, కోయర్స్ కొట్టి ఉంటే అవన్నీ పోయేవి.

సున్నాలు, మైనస్ 999లు. సెన్సర్ పనిచేయనప్పుడు కొన్ని లాగర్లు సున్నా రాస్తాయి, కొన్ని మైనస్ 999 రాస్తాయి. మైనస్ 999 కంట్లో పడుతుంది. సున్నా పడదు, నిజం విలువలాగే కూర్చుంటుంది.

బ్యాంక్ ఖాతా నంబర్లు, ఫోన్ నంబర్లు, సర్వే నంబర్లు అంకెలే అయినా లెక్కలకు పనికొచ్చేవి కావు, వాటిని స్ట్రింగ్‌గానే చదవండి. 64 బిట్ల ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యల్ని దాచే రకం) పూర్ణాంకాలు వరసగా, తప్పులేకుండా 9007199254740992 దాకానే ఉంటాయి, అంటే 16 అంకెలు. ఖాతా నంబర్ అంతకంటే పొడవై, ఆ కాలమ్‌లో ఒక్క ఖాళీ ఉంటే చాలు, కాలమ్ ఫ్లోట్‌గా మారి చివరి అంకెలు తారుమారవుతాయి. ముందున్న సున్నాలు ఎటూ పోతాయి. కూలీల ఖాతాలకు డబ్బు వేసే ఫైల్‌లో ఇది జరిగితే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

3. ఖాళీ ఎందుకు ఖాళీ అయింది

ఈ గైడ్‌లో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఒక రాత్రి ఎస్‌బీ గుంట డీవో ఇలా ఉంది: 10 గంటలకు 5.2, ఒంటిగంటకు 4.3, నాలుగింటికి ఖాళీ, ఏడింటికి 4.8. ఇంటర్‌పోలేట్ (అటూ ఇటూ ఉన్న రీడింగుల మధ్య విలువ వేసేది) కొడితే నాలుగింటి గడిలో 4.55 పడింది. రిపోర్ట్‌లో 4 దిగితే ఎరుపు వచ్చేలా పెట్టుకున్నాం. 4.55 కాబట్టి అంతా పచ్చగానే ఉంది.

నోటుబుక్కు మార్జిన్‌లో మాత్రం "కరెంట్ పోయింది, జనరేటర్ లేటు" అని రాసుంది. కరెంట్ పోతే నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగుతాయి. సూర్యుడు లేడు కాబట్టి నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా అదీ పీల్చుకుంటుంది, రొయ్యా పీల్చుకుంటుంది. అందుకే డీవో అన్నిటికంటే కిందికి దిగేది తెల్లారేముందే. కుర్రాడు జనరేటర్ దగ్గరికి పరిగెత్తాడు కాబట్టే రీడింగ్ తీయలేదు. అంటే గడి ఖాళీగా ఉండటానికి కారణం, డీవో పడిపోవడానికి కారణం రెండూ ఒకటే. ఆ పొద్దున రొయ్య తేలిందని బావ చెబుతుంటే నా పచ్చ రిపోర్ట్ చూసుకుని తల దించుకున్నా. "పర్లేదులే" అన్నది నేనే మరి.

కాబట్టి నింపే ముందు ప్రతి ఖాళీని ఈ నాలుగింటిలో ఏదో తేల్చండి:

- కొలవడం మర్చిపోయారు. పండగ, మనిషి రాలేదు, అలాంటివి. జాగ్రత్తగా నింపొచ్చు.
- పరికరం పాడైంది. వరసగా రోజులు పోతాయి. నింపకండి.
- ఆ రోజుకు ఆ విలువే లేదు. పట్టుబడి అయిపోయిన గుంటలో మేత ఎక్కడిది? ఆ వరసే తీసేయండి.
- సున్నాకి బదులు ఖాళీ వదిలారు. వాన లెక్కల్లో ఇది మామూలు. వాన పడని రోజు గడి ఖాళీ, కొలవని రోజూ ఖాళీ. అడిగి తెలుసుకుని మొదటిదానికి సున్నా వేయండి, రెండోది ఖాళీగానే ఉంచండి.

ఖాళీకి కారణమే విలువను కూడా మార్చేదైతే, ఎస్‌బీ గుంటలో లాగా, దాన్ని ఏ పద్ధతితోనూ నింపొద్దు. "కారణం" అని పక్కన ఒక కాలమ్ పెట్టి "కరెంట్" అని రాసుకోండి. రిపోర్ట్‌లో అది ఎరుపుగానే కనిపించాలి.

4. ఖాళీ లెక్కల్లోకి దిగితే

పాండాస్‌లో ఖాళీ ఎక్కువగా నాన్ ("నాట్ ఎ నంబర్") రూపంలో ఉంటుంది. నాన్ తనకు తానే సమానం కాదు, అందుకే నాన్‌తో సమానమా అని వెతికితే ఏమీ దొరకదు, ఈజ్‌నా వాడాలి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. తెలిసినవాళ్లు కూడా పడే గుంటలు ఇవి:

నాన్ 4 కంటే తక్కువా? ఫాల్స్. 4 కంటే ఎక్కువా? అదీ ఫాల్స్. "4 కంటే తక్కువ ఉన్నవి తీసి, వాటికి వ్యతిరేకం అంతా సేఫ్" అని రాస్తే ఖాళీలన్నీ సేఫ్‌లో చేరతాయి. ఎప్పుడూ మూడు గంపలు పెట్టండి: ప్రమాదం, సేఫ్, తెలియదు. మూడూ కూడితే మొత్తం వరసల సంఖ్య రావాలి.

సమ్ ఖాళీల్ని వదిలేసి కూడుతుంది. అన్నీ ఖాళీలైతే సున్నా ఇస్తుంది. నెలంతా మేత రాయని గుంటకు "మేత 0 కిలోలు" అని వస్తుంది, ఎంత పొదుపో. మిన్ కౌంట్ 1 పెడితే ఖాళీ ఖాళీగానే వస్తుంది.

మీన్ కూడా ఖాళీల్ని వదిలేస్తుంది. నాలుగింటి రీడింగ్ పోయిన రోజున మిగతా మూడింటి సగటు తీస్తే అది పెరుగుతుందే గానీ తగ్గదు, ఎందుకంటే పోయింది అన్నిటికంటే చిన్న విలువ. మీన్ పక్కనే కౌంట్ కూడా తీయండి. నాలుగు రీడింగుల్లో ఒక్కటి తక్కువైనా ఆ రోజు సగటును నేను వాడను.

ఇదే కాలమ్‌ని నంపై (పైథాన్‌లో అంకెల లెక్కల లైబ్రరీ) మీన్‌కి నంపై అరేగా ఇస్తే ఒక్క ఖాళీ ఉన్నా జవాబు నాన్. అక్కడ నాన్‌మీన్ వాడాలి. నన్నడిగితే నంపై చేసేదే నయం, కనీసం ఏదో తేడా ఉందని చెబుతుంది.

మెర్జ్‌లో, అంటే రెండు పట్టికల్ని ఒక కాలమ్ (కీ) ఆధారంగా కలిపేటప్పుడు, రెండువైపులా కీ కాలమ్‌లో ఖాళీలుంటే పాండాస్ వాటిని ఒకదానితో ఒకటి జత చేస్తుంది. డేటాబేస్ అలవాటున్నవాళ్లు ఇది ఊహించరు. అటు 30, ఇటు 40 ఖాళీలుంటే 1200 దొంగ వరసలు పుడతాయి. మెర్జ్‌కి ముందు కీలో ఖాళీలు తీసేయండి.

పూర్ణాంకాల కాలమ్‌లో ఒక్క ఖాళీ వస్తే 43 కాస్తా 43.0 అవుతుంది. ఇది నచ్చకపోతే పెద్ద ఐతో మొదలయ్యే ఇంట్64 రకంలోకి మార్చండి, అంకెలు అంకెలుగానే ఉండి ఖాళీ విడిగా ఉంటుంది.

పాండాస్ లాంటిదే ఇంకో లైబ్రరీ పోలార్స్ వాడేవాళ్లకు ఒక్క మాట: అక్కడ నల్ వేరు, నాన్ వేరు. ఫిల్ నల్ కొడితే నాన్‌లు కదలవు. నల్‌ని సగటు వదిలేస్తుంది, నాన్ ఉంటే సగటే నాన్ అవుతుంది.

5. నింపక తప్పనప్పుడు, ఈ వరసలోనే

ఒకటి: గుంట పేరు, తర్వాత సమయం, ఈ క్రమంలో సార్ట్ చేయండి.

రెండు: ఏ గడులు నింపబోతున్నారో ముందే ట్రూ, ఫాల్స్‌గా వేరే కాలమ్‌లో దాచండి. నింపేశాక ఏది కొలిచింది, ఏది మనం పెట్టింది అని తెలుసుకునే దారి ఉండదు.

మూడు: గ్రూప్‌బై చేసి గుంటవారీగా నింపండి. నేరుగా ఎఫ్‌ఫిల్ (పై విలువనే కింది ఖాళీలోకి దించేది) కొడితే ఎన్‌బీ గుంట చివరి రీడింగ్ ఎన్‌సీ గుంట మొదటి ఖాళీలోకి జారుతుంది.

నాలుగు: హద్దు పెట్టండి, కానీ లిమిట్ అర్థం తెలుసుకుని పెట్టండి. లిమిట్ 2 అంటే "రెండు దాటిన ఖాళీల జోలికి పోకు" అని కాదు. పది ఖాళీలు వరసగా ఉంటే మొదటి రెండూ నింపి ఎనిమిది వదిలేస్తుంది. పొడవాటి ఖాళీని పూర్తిగా వదిలేయాలంటే వరస ఖాళీల పొడవు మీరే లెక్కేసి చిన్నవాటికే వర్తింపజేయాలి.

ఐదు: ఇంటర్‌పోలేట్ మామూలుగా వాడితే చివర్లో ఉన్న ఖాళీల్ని కూడా ఆఖరి విలువతో సాగదీస్తుంది. లిమిట్ ఏరియా ఇన్‌సైడ్ పెడితే రెండువైపులా రీడింగ్ ఉన్నవే నిండుతాయి. రీడింగుల మధ్య గంటలు సమానంగా లేకపోతే, తేదీ సమయాన్ని ఇండెక్స్‌గా పెట్టి మెథడ్‌ని టైమ్ చేయండి.

ఏ కాలమ్‌కి ఏది? సెలినిటీ నెమ్మదిగా మారుతుంది, ఇంటర్‌పోలేట్ చాలు. పీహెచ్ పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది కాబట్టి పొద్దున వాటిని పొద్దున వాటితోనే నింపాలి. డీవోని నేను నింపను.

పాత పాఠాల్లో ఫిల్‌నాకి మెథడ్ ఇచ్చి రాసిన కోడ్ ఉంటుంది, దాన్ని వదిలేసి ఎఫ్‌ఫిల్, బీఫిల్ నేరుగా వాడండి. ఇన్‌ప్లేస్ ట్రూని నమ్ముకోవద్దు, ఫలితాన్ని మళ్లీ కాలమ్‌లోకి వేసుకోండి.

6. ఇక 8.3 సంగతి

కంప్యూటర్ దశాంశాల్ని రెండు ఆధారంగా దాస్తుంది. 0.5, 0.25 లాంటివి సరిగ్గా ఇముడుతాయి. 0.1, 0.2, 0.3 ఇమడవు, దగ్గరి విలువ ఉంటుంది. 0.1కి 0.2 కూడితే 0.30000000000000004 రావడం అందుకే. ఇది పాండాస్ తప్పు కాదు, పైథాన్ తప్పూ కాదు, ఐఈఈఈ 754 పద్ధతి వాడే భాషలన్నిటిలో ఇంతే.

మా పీహెచ్ పెన్ 0.2 తక్కువ చూపిస్తోందని తెలిసింది. కాలమ్ మొత్తానికి 0.2 కలిపాను. అప్పుడు:

- 7.9కి 0.2 కలిపితే 8.1 వచ్చింది, 8.1తో పోలిస్తే సమానం.
- 8.1కి 0.2 కలిపితే 8.299999999999999 వచ్చింది, 8.3తో పోలిస్తే సమానం కాదు.

స్క్రీన్ మీద పాండాస్ రెండోదాన్ని కూడా 8.3 అనే చూపిస్తుంది, ఎందుకంటే చూపించేటప్పుడు ఆరు దశాంశాలకు కుదిస్తుంది. అసలు విలువ చూడాలంటే కాలమ్‌ని టు లిస్ట్‌తో మామూలు లిస్ట్‌గా మార్చి ప్రింట్ చేయండి.

తీసివేతలోనూ ఇదే. పొద్దునకీ సాయంత్రానికీ పీహెచ్ తేడా 0.5 దాటితే అలర్ట్ పెట్టుకున్నాం. 8.3లోంచి 7.8 తీస్తే 0.5000000000000009, అలర్ట్ మోగింది. 8.4లోంచి 7.9 తీస్తే సరిగ్గా 0.5, మోగలేదు. మనిషి లెక్కలో రెండు రోజులూ ఒకటే.

7. పోల్చే సరైన పద్ధతి

సులువైన ఉపాయం: హద్దును పరికరం ఎప్పటికీ చూపించలేని చోట పెట్టండి. పెన్ 0.1 చొప్పున చూపిస్తుంది కాబట్టి 8.2 ఉంటుంది, 8.3 ఉంటుంది, మధ్యలో ఏదీ ఉండదు. "8.3 లేదా ఎక్కువ" అనాలంటే 8.25 కంటే ఎక్కువ అని రాయండి. "0.5 దాటితే" అనాలంటే 0.55 కంటే ఎక్కువ అని రాయండి. ఏ లైబ్రరీ అక్కర్లేదు.

సమానమా అని చూడాలంటే నంపైలో ఈజ్‌క్లోజ్ ఉంది. దాని సొంత హద్దుల్ని గుడ్డిగా వాడొద్దు. ఆర్‌టాల్ (విలువను బట్టి మారే హద్దు) లక్షలో ఒక వంతు, ఏటాల్ (మారని హద్దు) పది కోట్లలో ఒక వంతు పెట్టి ఉంటాయి. మీ విలువలే చాలా చిన్నవైతే, అంటే దశాంశ బిందువు తర్వాత ఎనిమిది తొమ్మిది సున్నాలుండేవైతే, తేడా ఉన్నవాటిని కూడా సమానమే అనేస్తుంది. ఆర్‌టాల్ సున్నా చేసి, ఏటాల్‌ని పరికరం కనీస కొలతలో సగం పెట్టండి, మా పెన్‌కి 0.05. మాథ్ మాడ్యూల్‌లో కూడా ఈజ్‌క్లోజ్ ఉంది కానీ దాని హద్దులు వేరు, సున్నాతో పోల్చేటప్పుడు అబ్స్ టాల్ ఇవ్వకపోతే దాదాపు ఎప్పుడూ ఫాల్సే.

రెండు ఖాళీల్ని ఈజ్‌క్లోజ్ సమానం అనదు, కావాలంటే ఈక్వల్ నాన్ ట్రూ పెట్టండి.

ఇంకా గట్టి పద్ధతి: పదితో గుణించి, రౌండ్ చేసి, పూర్ణాంకంగా దాచుకోవడం. 8.3 కాస్తా 83. గ్రూప్‌బైకీ మెర్జ్‌కీ దశాంశం కీగా వాడాల్సి వస్తే ఇదే నమ్మకమైన దారి.

8. డబ్బు, కూడికలు

రూపాయల్ని పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగా ఉంచండి. మార్చేటప్పుడు రౌండ్ మర్చిపోవద్దు: 19.99ని 100తో గుణిస్తే 1998.9999999999998 వస్తుంది, నేరుగా ఇంట్ చేస్తే 1998. ఒక పైసా పోయింది.

రౌండ్ కూడా మనం బడిలో నేర్చుకున్నట్టు చేయదు. 2.5ని రౌండ్ చేస్తే 2 వస్తుంది, సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు మొగ్గుతుంది. పైథాన్ సొంత రౌండ్‌తో 2.675ని రెండు దశాంశాలకు కుదిస్తే 2.67, అదేమో లోపల దాచిన విలువ 2.675 కంటే కొంచెం తక్కువ కావడం వల్ల. బిల్లు లెక్కకు బడి పద్ధతే కావాలంటే పైథాన్‌లోని డెసిమల్ మాడ్యూల్ వాడండి. దానికి విలువను కోట్స్‌లో పెట్టి స్ట్రింగ్‌గా ఇవ్వాలి, ఫ్లోట్‌గా ఇస్తే తప్పును కూడా అలాగే మోసుకొస్తుంది.

మధ్యలో రౌండ్ చేయొద్దు. నెల్లూరు పుట్టి 850 కిలోలు. పుట్టి 20,000 రూపాయలనుకుంటే కిలో 23.5294 దాకా వస్తుంది. దాన్ని 23.53 చేసి మళ్లీ 850తో గుణిస్తే 20,000.50. పుట్టికి అర్ధరూపాయి, 200 పుట్లకు వంద రూపాయలు. వడ్లు కొనేవాడు ఊరుకుంటాడేమో, ఆడిటర్ ఊరుకోడు.

మెమరీ మిగులుతుందని ఫ్లోట్32లోకి మార్చేవాళ్లున్నారు. అందులో ఏడు అంకెల వరకే నమ్మకం, 16777216కి 1 కలిపితే మళ్లీ 16777216 వస్తుంది. డబ్బు కాలమ్‌కి వద్దు.

9. సున్నాతో భాగహారం

రొయ్యల కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య) నుంచి ఒక్కో రొయ్య బరువు తీయడానికి 1000ని కౌంట్‌తో భాగిస్తాం, 40 కౌంట్ అంటే 25 గ్రాములు. కౌంట్ సున్నా అని పడితే పాండాస్ ఎర్రర్ ఇవ్వదు, ఇన్ఫినిటీ ఇస్తుంది. ఈజ్‌నా దాన్ని పట్టుకోదు, సగటు మాత్రం ఇన్ఫినిటీ అయి కూర్చుంటుంది. భాగించే ముందే సున్నాల్ని ఖాళీ చేయండి, లేదా తర్వాత ప్లస్, మైనస్ ఇన్ఫినిటీ రెండింటినీ రీప్లేస్ చేయండి.

10. పంపే ముందు చూసుకునే చెక్‌లిస్ట్

- చదివిన వరసల సంఖ్య, ఫైల్‌లో ఉన్న వరసల సంఖ్య ఒకటేనా?
- గుంటలు ఆరూ ఉన్నాయా?
- టు న్యూమరిక్ ఖాళీ చేసిన గడుల్లో ముందు ఏముందో చూశారా?
- ప్రతి ఖాళీ పక్కన కారణం ఉందా?
- ప్రమాదం, సేఫ్, తెలియదు కూడితే మొత్తం వస్తోందా?
- సగటు పక్కన కౌంట్ ఉందా?
- నింపిన గడులకు గుర్తు ఉందా?
- కోడ్‌లో దశాంశాన్ని నేరుగా సమానమా అని అడిగిన చోటు ఏదైనా మిగిలిందా? రెండు సమానం గుర్తుల కోసం వెతకండి.
- రౌండ్ ఆఖరి మెట్టులోనే ఉందా?
- పాత ఫలితంతో కొత్తది పోల్చడానికి ఈక్వల్స్ కాకుండా అసర్ట్ ఫ్రేమ్ ఈక్వల్ వాడారా? మొదటిది ఆఖరి అంకె తేడాకి కూడా ఫాల్స్ అంటుంది, రెండోది చిన్న తేడాను ఒప్పుకుంటుంది.
- సీఎస్‌వీగా రాసిన ఫైల్‌ని మళ్లీ చదివి చూశారా? ఎన్ఏ గుంట సరిగ్గా అక్కడే రెండోసారి మాయమవుతుంది.